బడుల్లో అసమానతల మీద పరిశోధన చేయాలంటే ఎంఈడీ మంచిదా, ఎంఏ ఎడ్యుకేషనా?

బీఈడీ కళాశాలలో పాఠాలు చెప్పాలనుకుంటే ఎంఈడీ మామూలు దారి. అది సాధారణంగా రెండేళ్ల కోర్సు, బీఈడీలో కనీసం 50 శాతం ఉండాలి. ఎంఏ ఎడ్యుకేషన్‌కు చాలాచోట్ల ఏ డిగ్రీ అయినా చాలు. పరిశోధన ఒక్కటే లక్ష్యమైతే డిగ్రీ పేరు కన్నా గైడ్ ఎవరన్నదే ముఖ్యం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరినా ఎడ్యుకేషన్ విభాగంతో ఆగకండి. సోషియాలజీ, ఎకనామిక్స్ అధ్యాపకులనూ కలవండి.

చాలామంది దెబ్బతినేది పరిశోధన ప్రశ్న దగ్గరే. 'విశాఖలో డ్రాపౌట్లు' అన్నది ప్రశ్న కాదు, శీర్షిక. విశాఖలో మత్స్యకారులుండే పెదజాలారిపేటనే తీసుకోండి. తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. సరిగ్గా ఆ చివర్లోనే బడులు తెరుస్తారు. చేతిలో డబ్బు ఆడని ఆ వారాల్లో ఏ పిల్లను బడికి పంపుతారు, ఎవరిని ఆపుతారు? ఇక్కడ ఆర్థికం, కులం, లింగభేదం, 2009 విద్యాహక్కు చట్టం అన్నీ ఒకే ఇంట్లో కనిపిస్తాయి. 'తల్లిదండ్రులకు అవగాహన లేదు' అనే అరిగిపోయిన ముగింపుకు అప్పుడు చోటుండదు.

హాజరు పట్టీ ఒక్కదాన్నే నమ్మకండి, పేరున్న పిల్లలంతా బడిలో ఉండరు. హెడ్మాస్టర్ అనుమతి, తల్లిదండ్రుల సమ్మతి ముందే రాతపూర్వకంగా తీసుకోండి. గంట ఇంటర్వ్యూ రాసుకోవడానికి నాలుగైదు గంటలు పడుతుంది, కాబట్టి 12 మంది చాలు. యాభై మందిని పెట్టుకున్నవాళ్లు విశ్లేషణకు వచ్చేసరికి చేతులెత్తేస్తారు.