స్టేషన్లో పెట్టించిన సంతకం కోర్టులో చెల్లుతుందా?

ప్రశ్న: మేం చూసే పోలీసు సీరియల్లో రాత్రి పదకొండింటికి ఇన్‌స్పెక్టర్ ఒక్కడే వచ్చి కథానాయికను అరెస్టు చేశాడు. నేరం ఒప్పుకున్నట్టు స్టేషన్లో సంతకం పెట్టించి, మూడో రోజు కోర్టుకు తీసుకెళ్లాడు. ఆ కాగితం చూసి జడ్జి సుత్తి కొట్టి శిక్ష వేశారు. నిజంగా ఇలా జరగవచ్చా?

జవాబు: చట్టం దీనికి ఒప్పుకోదు. మీరు రాసిన ప్రతి సన్నివేశంలోనూ తప్పుంది గానీ, అన్నిటికంటే హాని చేసేది ఆ సంతకం. సంతకం పడితే కేసు ముగిసినట్టేనన్న భయం జనంలో బలంగా ఉంది కాబట్టి ముందు దాని సంగతే చెబుతాను.

పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారాన్ని నిందితులకు వ్యతిరేకంగా రుజువు చేయడానికి వీల్లేదని భారతీయ సాక్ష్య అధినియమ్ 23వ సెక్షన్ చెబుతోంది. 1872 నాటి సాక్ష్య చట్టంలో 25, 26, 27 సెక్షన్లుగా ఉన్న నియమాలే 2024 జూలై 1 నుంచి ఇలా ఒకచోటికి చేరాయి. ఇందులో ఒక మినహాయింపు ఉంది. కస్టడీలో ఉన్న నిందితురాలు "నగలు నేనే దొంగిలించాను, మా డాబా మీది నీళ్ల ట్యాంకు వెనుక ఉన్నాయి" అన్నట్టు పోలీసులు మధ్యవర్తుల నివేదికలో, అంటే సాక్షుల సమక్షంలో రాసే పంచనామాలో, రాసి, ఆ మాటను బట్టి వెళితే నగలు అక్కడే దొరికాయనుకోండి. అవి ఎక్కడున్నాయో చెప్పిన భాగం సాక్ష్యంగా పనికొస్తుంది, దొంగిలించానన్న మాట పనికిరాదు. గుంటూరు సెషన్స్ కోర్టు నుంచి బ్రిటిష్ పాలనలో చివరి అప్పీలు వినే ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లిన పులుకూరి కోటయ్య కేసులో తేల్చిన ఈ సూత్రాన్నే మన కోర్టులు నేటికీ పాటిస్తున్నాయి. స్వచ్ఛందంగా నేరం ఒప్పుకోదలచినవారి వాంగ్మూలాన్ని మేజిస్ట్రేటు నమోదు చేయాలి; ఒప్పుకోవలసిన అవసరం లేదని, ఒప్పుకుంటే అది తమకే వ్యతిరేకంగా వాడబడవచ్చని ముందే హెచ్చరించాలి.

ఇక అరెస్టు విషయం. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు స్త్రీని అరెస్టు చేయకూడదు. అసాధారణ పరిస్థితి ఉంటే మహిళా పోలీసు అధికారి రాతపూర్వక నివేదిక ఇచ్చి, మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి తీసుకోవాలి. అరెస్టు చేసిన ఎవరినైనా, ప్రయాణ సమయం మినహా, ఇరవై నాలుగు గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగం 22వ అధికరణమే నిర్దేశిస్తోంది. ఆ రోజు తేలేది రిమాండా, విడుదలా అన్నదే. శిక్ష మాట చార్జిషీటు, విచారణ, సాక్షుల క్రాస్ ఎగ్జామినేషన్ అయ్యాకనే. మన కోర్టుల్లో జడ్జీలు సుత్తి వాడరు.

మీకు తెలిసినవారికి ఇలాంటి పరిస్థితి వస్తే, బలవంతంగా సంతకం పెట్టించారని మొదటిసారి హాజరుపరచినప్పుడే మేజిస్ట్రేటుకు నోటితో చెప్పమనండి, వంటి మీద దెబ్బలుంటే చూపించమనండి. ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలకు ఉచిత న్యాయ సహాయం అందుతుంది; 15100కు ఫోన్ చేసినా, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లినా రిమాండ్ దశలోనే న్యాయవాదిని అడగవచ్చు.