పాదం తట్టినాయన మీద కోపమెందుకు తమ్ముడూ?

ప్రశ్న: అక్కా, మాది తిరుపతి, కొర్లగుంట. ఉద్యోగం మీద అమెరికా వచ్చి ఇంకా ఏడాది కాలేదు. నాకు 27 ఏళ్ళు. గదిలో ఒక్కడినే కూర్చోలేక ఇక్కడి మాస్టర్స్ ఈత క్లబ్బులో, అంటే 18 నిండిన పెద్దవాళ్ళు ఈదే క్లబ్బులో చేరినాను. చంద్రగిరి దగ్గర మా తాత బావిలో నేర్చుకున్న ఈత, వేగంగానే ఈదుతాను. మొన్న వెనకాల వచ్చినాయన నా పాదం రెండుసార్లు తట్టి, గోడ దగ్గర గట్టిగా మాట్లాడినాడు. నలుగురు ఒకరి తర్వాత ఒకరు ఈదే రిలే జట్టులోకి నన్ను కాదని, నాకంటే నిదానంగా ఈదే 30 ఏళ్ళాయన్ని తీసుకున్నారు. మనం బయటివాళ్ళమనేనా? మానేద్దామా?

జవాబు: మానొద్దు తమ్ముడూ. మాది చిత్తూరు. ఇక్కడికొచ్చి చాలా ఏళ్ళయింది, ఆ నీళ్ళలోనే నాకు మంచి స్నేహితులు దొరికారు. అందుకే నీ ఉత్తరం చదివి బాధనిపించింది. నువ్వు చెప్పిన రెండు సంగతులకూ అక్కడి పద్ధతుల్లోనే కారణాలున్నాయి.

ముందు పాదం సంగతి. 25 గజాల కొలనులో ఒక్కో లేనులో, అంటే ఒక్కో ఈత వరుసలో, ఐదారుగురు ఈదుతారు. కుడివైపు పట్టుకొని పోయి, మళ్ళీ కుడివైపు పట్టుకొనే తిరిగి రావాలి. గోడ మీది పెద్ద గడియారం చూసుకొని మొదటి మనిషి బయలుదేరితే, ఐదు సెకన్లకో పదికో రెండో మనిషి. వెనకనున్నవాళ్ళు పాదం మెల్లగా తట్టారంటే, ‘వచ్చే గోడ దగ్గర నాకు దారియ్యి’ అని అడిగినట్టు. నువ్వు మూలకు జరిగి, గోడ మధ్య భాగం ఖాళీగా వదిలి, ఆయన్ని ముందుకు పోనివ్వాలి. అలిపిరి మెట్ల మీద వెనక బిరబిరా ఎక్కే కుర్రాళ్ళకు మనం పక్కకు జరగమా, అంతే. నువ్వు జరక్కపోతే వెనకున్న నలుగురి లెక్కా తప్పిపోతుంది. పొద్దున ఐదింటికి లేచి, ఆఫీసుకు ముందు దొరికిన ఆ ఒక్క గంట కోసం వచ్చినవాళ్ళు వాళ్ళు. ఆయన గొంతు పెంచడం మర్యాద కాదు, ఒప్పుకుంటాను. కానీ కోపం నీ మీద కాదు, ఆగిపోయిన లేను మీద.

బావి ఈతకు గోడా లేదు, గడియారమూ లేదు. నడుముకు సొరబుర్ర కట్టుకొని నేర్చుకున్న మనవాళ్ళు తల పైకెత్తి, కాళ్ళు వెడల్పుగా కొడతారు. ఇరుకు లేనులో ఆ కాళ్ళు పక్కవాళ్ళకు తగులుతాయి. 100 గజాలు ఎంతసేపట్లో ఈదగలవో, ఆగకుండా అట్లా ఎన్నిసార్లు ఈదగలవో కోచ్‌కి చెప్పి, తగిన లేను అడుగు. ఒక లేను కిందికి, అంటే నిదానంగా ఈదేవాళ్ళ లేనుకు, దిగితే చిన్నతనం కాదు. తలకు నూనె పెట్టుకొని కొలనులోకి దిగొద్దు, ముందు షవర్ చేసి టోపీ పెట్టుకో.

ఇక రిలే. దీన్లో నువ్వు అపార్థం చేసుకున్నావనే నా నమ్మకం. కొలను పొడవు గజాల్లో కాక మీటర్లలో ఉండే పోటీల్లో రిలే జట్లను నలుగురి వయసులూ కలిపి వర్గాలుగా విడదీస్తారు: 120–159, 160–199, ఇట్లా. మిగతా ముగ్గురు 42, 44, 46 అనుకో, మొత్తం 132. నీ 27 కలిస్తే 159. అంటే 120–159 వర్గంలో అందరికంటే పెద్దవాళ్ళ జట్టు అయిపోతారు, సగటున ముప్పై ఏళ్ళవాళ్ళతో పోటీ పడాలి. 30 ఏళ్ళాయన చేరితే 162, పై వర్గంలో వీళ్ళే దాదాపు కుర్రజట్టు. ఆయన రెండు సెకన్లు ఎక్కువ తీసుకున్నా వాళ్ళకు లాభమే. వయసు కూడా ఆ ఏడాది డిసెంబర్ 31 నాటిది లెక్క. అప్పటికి నీకు 28 నిండేట్టయితే వెంటనే చెప్పు, నీతోనూ 160 అవుతుంది! గజాల కొలనులో పద్ధతి వేరు, జట్టులో అందరికంటే చిన్నవాడి వయసే వర్గాన్ని తేలుస్తుంది.

మనం వయసు దాచుకుంటాం. ఈ మాస్టర్స్ ఈతగాళ్ళు 50 ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తారు, ఎవరికి వారే ఈదే పోటీల్లో 50–54 వర్గంలో తామే చిన్నవాళ్ళు కావచ్చని. 1970లో టెక్సాస్‌లోని అమరిల్లోలో మొదటి జాతీయ మాస్టర్స్ పోటీలు జరిగాయి. ర్యాన్సమ్ ఆర్థర్ అనే నౌకాదళ డాక్టరు, పెద్దవాళ్ళకు ముందొక పోటీ ఉంటే ఒళ్ళు కాపాడుకుంటారని గట్టిగా నమ్మి నడిపించాడు. అందుకే 18 నిండినవాళ్ళ నుంచి తొంభై దాటినవాళ్ళ దాకా ఒకే కొలనులో కనిపిస్తారు. ఇది నాకు ఎంతో నచ్చిన సంగతి.

స్నేహం ఎక్కడ మొదలవుతుందో చెప్తాను. 1650 గజాల ఫ్రీస్టైల్ అంటే 66 సార్లు కొలను దాటాలి. ఈదేవాళ్ళకు లెక్క నిలవదు. అవతలి గట్టున ఒక మనిషి వంగి, నీళ్ళలోకి అంకెల పలకలు దించి చూపిస్తూ ఉండాలి, ఆఖరి రౌండుకు నారింజరంగు పలక. ఇరవై, ముప్పై నిమిషాలు నడుం వంచి ఇంకొకరి కోసం అట్లా నిలబడటం సామాన్యం కాదు. నువ్వే ముందుకు పోయి ‘మీకు నేను లెక్క పడతాను’ అను. పోటీల్లో స్టాప్‌వాచ్ పట్టుకునేవాళ్ళు ఎప్పుడూ తక్కువే, ఆ పని అడిగి తీసుకో. నన్ను పలకరించనివాళ్ళు కూడా ఆ తర్వాత కాఫీకి పిలిచారు.

మన అలవాట్లు కొన్ని అక్కడ నొప్పిస్తాయి. ‘ఒళ్ళు చేశావే’ అనొద్దు. జీతం అడగొద్దు. అడగందే ఎవరి చేతి విసురూ దిద్దొద్దు, దాంతో చెడిన స్నేహాలు చూశాను. పోటీకి పేరిచ్చేటప్పుడు నీ నిజమైన టైమే రాయి. ఇదంతా పాటించినా ఎవరైనా నీ రంగు గురించో, దేశం గురించో ఎగతాళి చేస్తే మాత్రం ఊరుకోవద్దు. నీళ్ళలో తగవు పడకుండా, ఆ రోజే కోచ్‌తో మాట్లాడు.

గంగమ్మ జాతరకు మేలో ఊరికి పోవాలనుకుంటే ఒక్కమాట. వసంతకాలపు జాతీయ పోటీలు సాధారణంగా ఏప్రిల్ ఆఖరులోనో మే మొదట్లోనో ఉంటాయి. రిలేకి సరేనని, తర్వాత రాలేనంటే మిగతా ముగ్గురి విమానం టికెట్లూ దండగవుతాయి. నువ్వు టికెట్ కొనకముందే తేదీలు క్లబ్బులో చెప్పు, నాలుగో మనిషిని వెతుక్కునే వ్యవధి వాళ్ళకుంటుంది.