మద్రాసు–కలకత్తా మెయిలు: వాల్తేరులో చేతులు మారిన బండి

“రెండు వేర్వేరు రైల్వే కంపెనీలు కలిసి ఒకే ప్రయాణికుల రైలును నడిపిన ఉదాహరణ మన ప్రాంతంలో ఉందా? ఉంటే ఇంజను ఎవరిది, సిబ్బంది ఎవరు, టికెట్టు డబ్బు ఎవరికి?” అన్నది మీ ప్రశ్న.

ఉంది. పైగా అది మనలో చాలామంది ఎక్కిన బండే. ఇప్పుడు 12839, 12840 నంబర్లతో హౌరాకూ చెన్నైకీ మధ్య తిరుగుతున్న మెయిలు, స్వాతంత్ర్యానికి ముందు దాదాపు నాలుగు దశాబ్దాల పాటు రెండు కంపెనీల ఉమ్మడి బండిగా నడిచింది. హౌరా నుంచి వాల్తేరు (నేటి విశాఖపట్నం స్టేషను) దాకా అది బెంగాల్ నాగపూర్ రైల్వే, అంటే మన పెద్దలు బీఎన్నార్ అనే కంపెనీ చేతిలో ఉండేది. వాల్తేరు నుంచి మద్రాసు దాకా మొదట మద్రాసు రైల్వే చేతిలోనూ, 1908లో అది సదరన్ మరాఠా రైల్వేతో కలిసిపోయిన తరువాత మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే, అంటే ఎం.ఎస్.ఎం. చేతిలోనూ ఉండేది. మా తాతగారు వాల్తేరు లోకో షెడ్డులో ఫైర్‌మన్‌గా చేరి, డ్రైవరుగా పదవీ విరమణ చేసిన బీఎన్నార్ ఉద్యోగి. కనుక ఈ సమాధానంలో కొంత రైల్వే చరిత్ర, కొంత మా ఇంటి అరుగు మీద విన్నది.

వాల్తేరే సరిహద్దు ఎందుకయింది అన్నది ముందు చెప్పాలి, ఎందుకంటే ఆ ఊరు రెండు కంపెనీలు ఎదురెదురుగా లైన్లు వేసుకుంటూ వచ్చి కలుసుకున్న చోటు కాదు. ఒడిశాలోని కటకం (కటక్) నుంచి బెజవాడ దాకా ఉన్న 800 కిలోమీటర్లకు పైబడిన కోస్తా మార్గాన్ని 1893–96 మధ్య ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే పేరిట ప్రభుత్వమే నిర్మించింది. 1899లో అటు బీఎన్నార్ లైను కటకం చేరడం, ఇటు బెజవాడ–మద్రాసు లైను పూర్తి కావడం జరిగాక, మధ్యలో ఉన్న ఈ ప్రభుత్వ లైనును ఒకే సంస్థగా ఉంచకుండా రెండు ముక్కలు చేశారు. వాల్తేరుకు దక్షిణాన ఉన్న భాగం 1901లో మద్రాసు రైల్వేకు, ఉత్తరాన ఉన్న భాగం పూరీ శాఖతో సహా 1902లో బీఎన్నార్‌కు దక్కాయి. అంటే ఒక కాగితం మీద గీసిన గీత వాల్తేరును రెండు కంపెనీల కూడలిగా చేసింది. దూరాలు చూస్తే ఆ పంపకం దాదాపు సమంగానే వచ్చింది: హౌరా వైపు సుమారు 880 కిలోమీటర్లు, మద్రాసు వైపు సుమారు 780.

గోదావరి వంతెన లేనంత కాలం అసలు ఇటువంటి బండి సాధ్యమయ్యేది కాదు. 1897 నవంబరులో పని మొదలై, 56 అంకణాలతో 1900 ఆగస్టు 30న రాకపోకలకు తెరుచుకున్న ఆ వంతెనకు అప్పటి మద్రాసు గవర్నరు హేవలాక్ పేరు పెట్టారు. అంతకు ముందు ప్రయాణికుడు రాజమండ్రిలోనో కొవ్వూరులోనో బండి దిగి, సామాను దించుకుని, నదిని పడవ మీద దాటి, ఆవలి ఒడ్డున మరో బండి ఎక్కవలసి వచ్చేది. మద్రాసులో ఎక్కిన పెట్టెలోనే కూర్చుని కలకత్తా ఆవలి ఒడ్డున ఉన్న హౌరాలో దిగడం ఆ వంతెనతోనే వచ్చిన సౌకర్యం.

ఇక మీరు అడిగిన అసలు సంగతి. ఈ బండి కోసం రెండు కంపెనీలూ కలిసి మూడో కంపెనీ ఏదీ పెట్టుకోలేదు. ఉమ్మడి అన్నది ఒక ఏర్పాటు మాత్రమే. పెట్టెలు చివరి దాకా వెళ్ళేవి, ఇంజను మాత్రం ఎవరి గడ్డ మీద వారిదే. దక్షిణం నుంచి వచ్చిన ఎం.ఎస్.ఎం. ఇంజను వాల్తేరులో విడిపోయి బొగ్గుకూ నీళ్ళకూ షెడ్డుకు పోయేది, బీఎన్నార్ ఇంజను వచ్చి తగులుకునేది. దానితో పాటే డ్రైవరు, ఫైర్‌మన్లు, గార్డు అందరూ మారేవారు. ఒకే టికెట్టు మీద వసూలైన ఛార్జీని ఎవరి లైను మీద ఎంత దూరం నడిచిందో ఆ నిష్పత్తిలో పంచుకునేవారు. ఒక కంపెనీ పెట్టె మరొక కంపెనీ లైను మీద తిరిగినందుకు అద్దె లెక్క వేరే ఉండేది. దారిలో పెట్టె దెబ్బతింటే బాగు చేయించవలసింది ఎవరన్న తగవు రాకుండా, కూడలి స్టేషనులో చక్రాలు, బ్రేకులు, కప్లింగులు చూసి, అప్పటికే ఉన్న లోపాలను రాసుకుని మరీ బండిని స్వీకరించేవారట. అప్పగింతల సమయంలో మగపెళ్ళివారు నగలు సరిచూసుకున్నట్టు ఉండేదని మా తాతగారు నవ్వుతూ చెప్పేవారు.

సిబ్బంది మారడానికి కారణం యాజమాన్యం వేరు కావడం ఒక్కటే కాదు. డ్రైవరుకు లైను తెలిసి ఉండాలి. ఏ మలుపు తరువాత సిగ్నలు కనిపిస్తుంది, ఎక్కడ ఎత్తు మొదలవుతుంది, వానాకాలంలో ఏ కట్ట మీద మెల్లగా పోవాలి అన్నవి నేర్చుకుని సంతకం పెట్టిన తరువాతే ఆ మార్గంలో బండి ఇస్తారు. మా తాతగారికి వాల్తేరుకు ఉత్తరాన పలాస, బరంపురం, చిల్కా సరస్సు ఒడ్డు, ఖుర్దా రోడ్డు అరచేతి గీతల్లా తెలుసు. కానీ అదే మెయిలుకు దక్షిణపు సగమైన తుని, సామర్లకోట, రాజమండ్రి దారి ఆయనది కాదు. ఇన్నేళ్ళు ఆ బండిని నడిపిన మనిషి గోదావరి వంతెనను మాత్రం పుష్కరాలకు వెళ్ళే ప్రయాణికుడిగానే దాటారు, ఆ వెలితి ఆయన మాటల్లో చివరి దాకా ఉండేది.

నా సొంత అనుభవం కంపెనీల కాలానిది కాదు, 1960ల తొలి సంవత్సరాలది. మా మేనత్తగారి కాపురం ఖరగ్‌పూర్‌లో. బీఎన్నార్ అక్కడ పెట్టిన పెద్ద వర్క్‌షాపు వల్లనే ఆ బెంగాలీ ఊళ్ళో అంతమంది తెలుగువారు స్థిరపడ్డారు. ఒకసారి బెజవాడలో పెళ్ళి చూసుకుని నేరుగా ఆమె ఇంటికి మెయిలులో వెళుతూ, నేను వాల్తేరు రాకముందే నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి బండి కదులుతోంది, కానీ వచ్చిన దిక్కుకే తిరిగి పోతున్నట్టు అనిపించి, మనల్ని మళ్ళీ బెజవాడకు తీసుకుపోతున్నారని ఏడుపు లంకించుకున్నాను. నాన్నగారు కిటికీ దగ్గర కూర్చోబెట్టి విషయం చెప్పారు: వాల్తేరులో బండి సూటిగా ముందుకు సాగదు, కొత్త ఇంజను వెనుక కొసకు తగులుతుంది, అప్పటిదాకా తోక అయినది తల అవుతుంది. విశాఖపట్నం మీదుగా వెళ్ళే ఈ మెయిలు నేటికీ అలాగే దిశ మార్చుకుంటుంది. ఇంజను మార్చడం ఎలాగూ తప్పని రోజుల్లో ఈ తిరగవేతకు అదనంగా పట్టే సమయం పెద్దగా ఉండేది కాదు; ఉమ్మడి నిర్వహణ పోయి, ఒకే ఇంజను దూరం లాగగలిగిన కాలంలోనే అది ఆలస్యంగా కనిపించడం మొదలైందని నా అభిప్రాయం.

ఉమ్మడి నిర్వహణ ఎప్పుడు ముగిసిందన్న దానికి చాలామంది స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదిని చెబుతారు, అది సరికాదు. 1944 ఏప్రిల్ 1న ఎం.ఎస్.ఎం.ను, అదే ఏడాది అక్టోబరు 1న బీఎన్నార్‌ను ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుంది. అక్కడితో రెండు కంపెనీల బండి అన్న మాట పోయింది. అయితే వాల్తేరు దగ్గర ఉన్న అతుకు మాత్రం పోలేదు, పేర్లు మార్చుకుంటూ నిలిచింది. 1951లో ఎం.ఎస్.ఎం. దక్షిణ రైల్వేలో కలిసింది. 1952లో బీఎన్నార్ తూర్పు రైల్వేలో కలిసి, 1955లో ఆగ్నేయ రైల్వేగా విడివడింది. 1966లో దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి బెజవాడ డివిజను దానిలోకి వెళ్ళింది. 2003లో వాల్తేరు డివిజను కొత్తగా వచ్చిన తూర్పు కోస్తా రైల్వే కిందికి వచ్చింది. ఇన్ని మార్పుల్లోనూ సరిహద్దు విశాఖ పరిసరాలను వదల్లేదు. విజయవాడ డివిజను నేటికీ మొదలయ్యేది విశాఖ పొలిమేరలోని దువ్వాడ దగ్గరే. విశాఖ కేంద్రంగా ప్రత్యేక జోను కావాలని దశాబ్దాల పాటు సాగిన ఆందోళనను, 2019లో ప్రకటించిన దక్షిణ కోస్తా రైల్వేను, 1901–02 నాటి ఆ పంపకం తెలియకుండా అర్థం చేసుకోవడం కష్టం.

ఆనవాళ్ళు ఏమైనా మిగిలాయా అని కూడా అడిగారు. హేవలాక్ వంతెన మీద రైళ్ళు 1997లో ఆగిపోయినా వంతెన నిలిచే ఉంది. వాల్తేరు స్టేషను పేరు 1987లో విశాఖపట్నంగా మారింది; డివిజనుకు మాత్రం పాత పేరే ఇంకా చాలాకాలం సాగి, 2025లో దానిని కూడా విశాఖపట్నం డివిజనుగా మార్చడానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. మా ఇంట్లో అయితే తాతగారి రేకు ట్రంకు పెట్టె ఉంది. దాని మూత మీద తెల్ల రంగుతో రాసిన కంపెనీ పేరులో ఇప్పుడు చివరి అక్షరం ఒక్కటే కనిపిస్తుంది.