ఆ చెయ్యి ఏం చేసిందో ముందు రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

‘నియాన్ జెనెసిస్ ఎవాంజెలియన్’ అనే జపాన్ యానిమేషన్ సిరీస్ ముగింపు మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. చదివాక ఉండబట్టలేక టీవీ సిరీస్ చివరి రెండు ఎపిసోడ్లు, ఆ తర్వాత 1997లో వచ్చిన ‘ది ఎండ్ ఆఫ్ ఎవాంజెలియన్’ సినిమా మళ్లీ పెట్టుకుని చూశాను. అన్నీ అయ్యేసరికి రాత్రి ఒంటిగంట. నన్ను లేపి మళ్లీ టీవీ ముందు కూర్చోబెట్టిన వ్యాసం అంటే అది చిన్న విషయం కాదమ్మా. అందుకే పైపైన రెండు ముక్కలు రాసి ఊరుకోలేకపోతున్నాను.

ఆ కథలో మూలజీవులైన లిలిత్ ఎవరు, ఆడమ్ ఎవరు, సీలె అనే రహస్య మండలి ఏం కోరుకుంది, కథానాయకుడైన కుర్రాడు షింజీ తండ్రి గెండో ఏం కోరుకున్నాడు, ఇవన్నీ నువ్వు వరసగా చెప్పావు. ఎక్కడా తప్పు లేదు. కానీ పన్నెండు పేజీల్లో ఒక్కచోట కూడా చివరి దృశ్యంలో షింజీతో పాటు పోరాడిన అమ్మాయి అసుకా చెయ్యి ఏం చేసిందో రాయలేదు. నీకు అది తెలియక కాదు, అర్థం చెప్పాలన్న తొందరలో దాన్ని దాటేశావు.

ఒకసారి ఆ దృశ్యం ఇద్దరం కలిసి చూద్దాం. ఎర్రటి సముద్రం. ఇసుక మీద ఇద్దరు పద్నాలుగేళ్ల పిల్లలు పక్కపక్కన పడుకుని ఉన్నారు. దూరంగా రెయ్ అనే ఇంకో అమ్మాయి ముఖంతో కొండంత తెల్లటి సగం తల. అసుకా కంటికి, చేతికి కట్లు. షింజీ లేచి ఆమె మీద కూర్చుని గొంతు నులుముతాడు. ఆమె పెనుగులాడదు. చెయ్యి ఎత్తి అతని చెంప నిమురుతుంది. అతని పట్టు సడలుతుంది, ఏడుపు తన్నుకొస్తుంది, ఆ కన్నీళ్లు ఆమె ముఖం మీద పడతాయి. అప్పుడు ఆమె ‘కిమోచి వారుయ్’ అంటుంది. సినిమా అయిపోతుంది.

నువ్వు ఆ మాటను ‘అసహ్యంగా ఉంది’ అని తెలుగు చేసి, అక్కణ్ణుంచి నేరుగా ‘అసుకా షింజీని తిరస్కరించింది, ఇది నిరాశావాద ముగింపు’ అని తేల్చేశావు. నాకు పేచీ అక్కడే. జపనీస్‌లో ఆ మాట ఒంటికీ వాడతారు, మనసుకీ వాడతారు. బస్సులో కడుపు తిప్పినా అదే మాట, ఎవరైనా రోత పుట్టించినా అదే మాట. మనకు ‘వికారంగా ఉంది’ అనే మాట ఉంది కదా, అది కొంత దగ్గరికి వస్తుంది. ఇంగ్లీషు సబ్‌టైటిల్ ఒక వైపును ఎంచుకుంది, నువ్వు ఆ సబ్‌టైటిల్‌ను అనువాదం చేశావు. సినిమా గురించి రాస్తున్నప్పుడు మాట దగ్గరికి వెళ్లాలి, మాట మీద వేసిన మాట దగ్గరికి కాదు.

ఇంకో సంగతి. స్క్రిప్టులో మొదట అక్కడ వేరే వాక్యం ఉండేది. రికార్డింగ్ సమయంలో దర్శకుడు అన్నో హిడెయాకి అసుకాకు గొంతు ఇచ్చిన మియామురా యూకోతో మాట్లాడి దాన్ని మార్చారు. ఈ కథ అభిమానులకు బాగా ఇష్టం. దీన్ని రుజువుగా వాడకు. ఆ మాట ఎలా పుట్టిందో అది చెబుతుంది, అంతే. తెర మీదికి వచ్చాక ఆ మాటకు వెనకాల గంటన్నర సినిమా నిలబడి ఉంది.

ఆ సినిమాలో ఏముందో చూడు. మొదట్లోనే ఆసుపత్రి గదిలో స్పృహలేని అసుకా పట్ల షింజీ సిగ్గుమాలినట్టు ప్రవర్తించి, తనను తానే అధముణ్ణని అనుకుంటాడు. మధ్యలో, అన్ని మనసులూ కలిసిపోతున్న వేళ, ఒక వంటగదిలో ఆమె ముందు ప్రాధేయపడతాడు. నన్ను ఒంటరిగా వదలొద్దు, నాకు సాయం చెయ్యి అంటాడు. ఆమె ‘ఇయా’ అంటుంది. ఒప్పుకోను అని. అప్పుడు కూడా గొంతు పట్టుకుంటాడు. అంటే సముద్రం ఒడ్డున జరిగేది రెండోసారి. మొదటిసారి ఆ తర్వాత లోకమే అంతమైపోయింది. రెండోసారి ఒక చెయ్యి చెంప మీదికి వచ్చింది, అతను ఆగిపోయాడు. ఆ తేడాను పట్టుకుంటే నీ వ్యాసంలో సగం దానంతటదే రాసుకుంటుంది.

నువ్వు అవధానాలు చూసే ఇంటి పిల్లవి కాబట్టి ఇది చెబుతున్నాను. సమస్యాపూరణంలో పృచ్ఛకుడు అర్థం లేనట్టు కనబడే చివరి పాదం ఇస్తాడు. ముందు మూడు పాదాలు అవధాని సొంతం, ఏ దారినైనా రావచ్చు. చివరికి పొసిగితే చాలు, సభ చప్పట్లు కొడుతుంది. ముగింపుల మీద రాసేవాళ్లు చాలామంది తెలియకుండానే ఆ పని చేస్తారు. ఆఖరి మాట తీసుకుని దానికి తమకు నచ్చిన మూడు పాదాలు కట్టేస్తారు. ఇక్కడ ఆ మూడు పాదాలూ అన్నో ముందే రాసి పెట్టాడు. మన పని వాటిని చదవడం.

పూరణ అన్నాను కాబట్టి ఇంకో మాట. సీలె, గెండో తలపెట్టిన పథకం పేరు జపనీస్‌లో ‘జిన్రుయ్ హోకాన్ కెయికాకు’. హోకాన్ అంటే లోటును నింపడం. ఇంగ్లీషువాళ్లు ‘ఇన్‌స్ట్రుమెంటాలిటీ’ అని పెట్టిన పేరులో ఆ అర్థం కనబడదు, నువ్వు కూడా దాన్నే తెలుగు లిపిలో రాసి వదిలేశావు. ‘మానవజాతి పూరణ’ అని రాసి చూడు, నీ వాక్యాలు ఎంత తేలికవుతాయో. ప్రతి మనిషిలోనూ ఒక వెలితి ఉంది, మనిషికీ మనిషికీ మధ్య ఏటీ ఫీల్డ్ అనే గోడ ఉంది, ఆ గోడ తీసేస్తే అందరూ ఒకే సముద్రమై ఒకరి వెలితిని ఒకరు నింపుకుంటారు. ఇదీ ఆ పథకం. షింజీ దాని లోపలికి వెళ్లి, చూసి, వద్దంటాడు. మనుషులు మళ్లీ తనను గాయపరుస్తారని తెలిసే, వాళ్లను మళ్లీ కలవాలని ఉంది అంటాడు.

ఇప్పుడు నేను నమ్మేది చెబుతాను. అందరూ ఒకటైపోయిన సముద్రంలో నిన్ను చూసి ఎవరూ వికారపడలేరు. దానికి ఇంకో మనిషి కావాలి. అసుకా ఆ మాట అనగలిగిందంటే షింజీ కోరుకున్నది అతనికి దక్కిందన్నమాట. ఎదురుగా అతను కాని మనిషి ఉంది, అతని ఊహకు లొంగని మనిషి. నాకు అది తిరస్కారంలా వినిపించదు.

టీవీ ముగింపును నువ్వు ఒక్క వాక్యంలో కొట్టేశావు, ‘డబ్బులు అయిపోయి అలా ముగించారు’ అని. చివరి ఎపిసోడ్ 1996 మార్చి 27న ప్రసారమైంది, అప్పటికి పని గడువుల వెనక పడి ఉందన్నదీ నిజమే. అన్ని నిలిచిపోయిన బొమ్మలు, పెన్సిల్ గీతలు ఎందుకున్నాయో దాంతో కొంత తెలుస్తుంది. ఆ బొమ్మల చేత ఈ మాటలే ఎందుకు పలికించారో దాంతో తెలియదు. ఒక కుర్రాడు కుర్చీలో కూర్చుని, ఎన్నో ప్రశ్నలు తట్టుకుని, నేను ఇక్కడ ఉండొచ్చు అనే చోటికి వస్తాడు. చుట్టూ ఉన్న గోడలు పగులుతాయి. ఒక్కొక్కరుగా అందరూ చప్పట్లు కొట్టి ‘ఒమెదెతో’ అంటారు, అభినందనలు అని. ఆ మాట కూడా ఇంకో మనిషి ఉంటేనే వినబడేది. ఒక ముగింపులో అభినందన, ఇంకో ముగింపులో వికారం. రెండూ ఎదుటి మనిషి నోటినుంచే వచ్చాయి. ఈ రెండు మాటల్ని పక్కపక్కన పెట్టి నువ్వు రాస్తే చదవాలని ఉంది నాకు.

1995లో జనవరి 17న కోబే భూకంపం, మార్చి 20న టోక్యో సబ్‌వేలో సారిన్ దాడి జరిగాయని, వాటి నుంచే ఈ కథ పుట్టిందని రాశావు. ఈ సిరీస్ ఆలోచన 1993లోనే మొదలైంది. 1995లో ప్రేక్షకులు ఆ గాయాలతోనే దీన్ని చూసి ఉంటారు, ఆ మాట రాయి. కారణం అని మాత్రం రాయకు. అలాగే 2021లో వచ్చిన చివరి సినిమాను తెచ్చి 1997 ముగింపు మీద అతికించకు. అరవై ఏళ్లకు చేరిన అన్నో తన సొంత ఊరు ఉబేలోని ఉబే-షింకావా రైల్వే స్టేషన్ దగ్గర కథ ముగించాడు. అది వేరే వయసు చెప్పిన వేరే మాట, దానికి వేరే వ్యాసం కావాలి.

నీ వయసులో నేనూ ఒక నవల ముగింపు మీద ఇలాగే రాశాను. ప్రతి గుర్తుకూ అర్థం చెప్పాను. ఒక పెద్దాయన చదివి, ‘ఆఖరి పేజీలో ఆ ముసలావిడ తలుపు వేసిందా, తీసే ఉంచిందా?’ అని అడిగాడు. నాకు గుర్తు రాలేదు. ఆ రోజు పడ్డ బాధ ఇప్పటికీ ఉంది. అది నీకు రాకూడదనే ఇదంతా.

ఈ ఆదివారం సబ్‌టైటిల్స్ ఆపేసి ఆఖరి ఐదు నిమిషాలు మళ్లీ చూడు. కనబడినవి, వినబడినవి మాత్రమే ఒక పేజీలో రాయి. లిలిత్ పేరు కూడా వద్దు. గొంతు మీద చేతులు పడ్డాక ఆమె చెయ్యి కదిలేదాకా ఎంతసేపు ఏమీ జరగదో లెక్కపెట్టి, అది కూడా రాసి పంపు.

ఆశీస్సులతో.