108లో చేరుతున్న మేనకోడలికి

చి. అమ్ములుకు అత్తయ్య ఆశీస్సులు.

108 అంబులెన్స్‌లో ఈఎంటీగా, అంటే దారిలో అత్యవసర చికిత్స చేసే టెక్నీషియన్‌గా చేరుతున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. విని మురిసిపోయాను. రాత్రి డ్యూటీలూ హైవేలూ తలుచుకుని గుబులూ పడ్డాను. ట్రైనింగులో చెప్పినవన్నీ మళ్లీ చెప్పను. ఎముకల (ఆర్థో) వార్డు దాన్ని కాబట్టి చేతులూ కాళ్ల సంగతే రాస్తున్నాను.

ఒంట్లో 206 ఎముకలుంటే రెండు చేతుల్లో మణికట్టు నుంచి వేళ్ల దాకా 54, రెండు పాదాల్లో 52. అంటే సగానికి పైగా అక్కడే ఉన్నాయి. "పాదమే కదా నలిగింది" అనేవాళ్ల మాట వినకు.

స్ప్లింట్ (విరిగిన చోటు కదలకుండా కట్టే ఆధారం) వేసేటప్పుడు విరిగిన చోటికి పైకీలూ కిందికీలూ రెండూ కదలకూడదు. వాపు రాకముందే ఉంగరాలు, గాజులు, పట్టీలు, మెట్టెలు తీసెయ్యి. మెట్టెలు తీయొద్దని ఇంటి పెద్దావిడ అడ్డం పడుతుంది. నచ్చజెప్పి సబ్బునీళ్లు రాసి లాగు, రాకపోతే కత్తిరించు.

నా అసలు భయం పిల్లల మోచేయి. జామచెట్టు మీంచో గోడ మీంచో పడే పిల్లాడు చెయ్యి చాచి నేలకు ఆనిస్తాడు. మోచేతికి కాస్త పైన హ్యూమరస్, అంటే భుజం నుంచి మోచేతి దాకా ఉండే ఎముక, పల్చగా ఉంటుంది, అక్కడ విరుగుతుంది. విరిగిన పైముక్క మొన ముందుకు పొడుచుకొస్తుంది. సరిగ్గా దాని ముందే ముంజేతికి రక్తం తీసుకెళ్లే బ్రేకియల్ ధమని, పక్కనే మీడియన్ నరం. ఇంట్లోవాళ్లు నువ్వు వెళ్లేసరికే వెదురుబద్దలో స్కేలో పెట్టి, గుడ్డతో బిగించి కట్టి ఉంటారు. గట్టిగా కడితే తొందరగా అతుక్కుంటుందని వాళ్ల నమ్మకం. ముంజేతి కండరాల చుట్టూ సాగని పొర ఒకటి ఉంటుంది. లోపల వాపు, బయట కట్టు. మధ్యలో ముందు మూసుకుపోయేవి సన్నటి రక్తనాళాలు. మణికట్టు దగ్గర నాడి మాత్రం ఇంకా కొట్టుకుంటూనే ఉండొచ్చు! నాడి అందిందని ధైర్యపడితే అక్కడే మోసపోతావు. ఆరు గంటలు అలా గడిస్తే కండరం చచ్చిపోవచ్చు, మళ్లీ రాదు. తర్వాత నెలల్లో మణికట్టు వంగిపోయి, వేళ్లు ముడుచుకుని అలాగే ఉండిపోతాయి. 1881లో జర్మన్ సర్జన్ వోక్‌మన్ దీన్ని వివరంగా రాశాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

కాబట్టి ఆ కట్టు చూడగానే విప్పు. పైగుడ్డ ఒక్కటే కోసి వదిలేయకు, లోపలి దూదితో సహా చర్మం కనిపించేదాకా కత్తిరించు. చేయి సాగదీయకు. పూర్తిగా మడవకు, మడిస్తే ధమని నొక్కుకుపోతుంది. ఉన్న వంపులోనే మెత్త వేసి వదులుగా స్ప్లింట్ పెట్టు. చేయి గుండె ఎత్తులో ఉండాలి, అంతకన్నా పైకెత్తితే రక్తం ఇంకా తగ్గుతుంది. గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో ఎర్రబడాలి. వేళ్లు నెమ్మదిగా చాపినప్పుడు పిల్లాడు గిలగిల్లాడితే డ్రైవర్‌ని తొందరపెట్టు. నరాల పరీక్ష ఆటలాగా చేయించు: బొటనవేలు పైకెత్తమను, బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టమను, చూపుడువేలి మీదికి నడిమివేలు మెలేయమను. మొండివాడని కసురుకున్నావని తెలిస్తే ఊరుకోను. ఆగని ఏడుపే ఇక్కడ మొదటి గుర్తు. నొప్పి పోయి వేళ్లు మొద్దుబారాయంటే ఇంకా చెడ్డది.

కాళ్ల విషయానికొస్తే, తొడ ఎముక విరిగితే బయట చుక్క కనబడకుండానే లీటరుకు పైగా రక్తం తొడలోకే కారిపోవచ్చు. బీపీ చూస్తూనే ఉండు. మోకాలి కింద బయటివైపు, ఫిబ్యులా అనే సన్న ఎముక మెడ చుట్టూ ఒక నరం చర్మానికి ఆనుకుని పోతుంది. స్ప్లింట్ పట్టీ అక్కడ బిగిస్తే పాదం పైకి లేవకుండా వేలాడిపోతుంది. మెత్త పెట్టు, వీలైతే ఆ చోటు వదిలి కట్టు.

ఆసుపత్రిలో అప్పగించేటప్పుడు దెబ్బ తగిలిన టైమూ, పాత కట్టు విప్పిన టైమూ, స్ప్లింట్‌కు ముందూ తర్వాతా నాడీ, వేళ్ల కదలికా కాగితం మీద రాసివ్వు. హడావిడిలో నోటిమాట ఎవరికీ గుర్తుండదు.

రాత్రి డ్యూటీకి ఖాళీ కడుపుతో వెళ్లకు. బండిలో కత్తెర మొద్దుబారి ఉంటే మార్చమని అడుగు, మార్చకపోతే నీది ఒకటి కొనుక్కుని జేబులో పెట్టుకో.

నీ
మేనత్త