వెన్నుపాము గాయానికి పరిహారం: ధ్రువపత్రంలోని శాతం ఒక్కటే లెక్క కాదు

నమస్కారమండీ. లారీ ఢీకొని నడుము కింది భాగమంతా చచ్చుబడిన మీ తమ్ముడికి మెడికల్ బోర్డు 75 శాతం వైకల్యమని రాసింది కనుక పరిహారమూ ఆ మేరకే వస్తుందన్న బీమా సంస్థ ప్రతినిధి మాట నమ్మి, దయచేసి రాజీ పత్రంపై సంతకం చేయకండి.

వైకల్యం సంపాదనను ఎంత దెబ్బతీసిందన్నదే చూడాలని రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2010లోనే స్పష్టం చేసింది. గొంతుకు కూర్చుని టైల్స్ పరిచే మీ తమ్ముడిలాంటి మేస్త్రీకి కాళ్లే కదలకపోతే ఆ నష్టం నూటికి నూరు పాళ్లని మీ వకీలు గట్టిగా వాదించాలి. ఆయన 29 ఏళ్ల వయసుకు గుణకం, అంటే ఏడాది ఆదాయ నష్టాన్ని హెచ్చవేసే అంకె, 17. సొంతంగా పని చేసుకునే, 40 ఏళ్లలోపు వారి ఆదాయానికి భవిష్యత్ పెరుగుదల కింద 40 శాతం కలుపుతారు. నెలకు 18,000 రూపాయల ఆదాయం రుజువైతే, సంపాదన నష్టమే 51,40,800 రూపాయలవుతుంది.

చాలా కుటుంబాలు అడగకుండా వదిలేసేది సహాయకుడి ఖర్చు. పుండ్లు పడకుండా రెండేసి గంటలకోసారి ఒత్తిగిలించడం, మూత్రం సంచి మార్చడం ఇప్పుడు మీ అమ్మగారే చేస్తున్నా, దాన్ని తప్పక కోరండి. 2020లో, రోడ్డు ప్రమాదంలో తీవ్రంగా గాయపడిన కాజల్ అనే బాలిక కేసులో సుప్రీంకోర్టు ఈ ఖర్చునూ గుణకంతోనే లెక్కగట్టింది. వీల్‌చైర్, ఫిజియోథెరపీ, కాథెటర్ల (మూత్రపు గొట్టాల) ఖర్చులు వేరుగా చూపాలి.

మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద, ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపే, మీరు నివసించే ప్రాంతపు మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునల్‌లోనే పిటిషన్ వేయవచ్చు. ధ్రువపత్రమిచ్చిన వైద్యుణ్ణి సాక్షిగా పిలిపించండి. వకీలు ఫీజు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు చేయండి. వికలాంగులకు అక్కడ ఉచిత న్యాయ సహాయం హక్కుగా లభిస్తుంది.