ఇన్‌లెట్ పోర్టును అద్దంలా మెరిపించాలా?

ప్రశ్న: మా నాన్నగారి పాత కార్బొరేటర్ మారుతి 800 ఇంజిన్ పనికి విప్పించాం. సిలిండర్ల మీది హెడ్ ఎలాగూ బయట ఉంది కదా, పోర్టింగ్ (హెడ్‌లో గాలి, పొగ వెళ్లే దారులైన పోర్టులను లోపల సరిచేయడం) కూడా చేయించమని స్నేహితులు అంటున్నారు. గరుకు ముద్దను ప్రెషర్‌తో పోర్టుల్లోంచి తోసి నున్నగా చేసే పద్ధతి ఉందని చదివాను. అది మేలా, చేత్తో చేయించడం మేలా? లోపల అద్దంలా మెరవాలా?
- ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: చివరి ప్రశ్న ముందు చూద్దాం. ఇన్‌లెట్ పోర్టును మాత్రం అద్దంలా చేయించకండి. కార్బొరేటర్ బండిలో పెట్రోలు గాలితో కలిసి ఆ పోర్టులోంచే వెళ్తుంది. గోడ మరీ నున్నగా ఉంటే పెట్రోలు గాలిలో కలిసి ఉండకుండా దానికి అంటుకుని పాయలుగా జారుతుంది. 80 నంబరు ఎమరీ కాగితం వదిలే గరుకు చాలు. ఎగ్జాస్ట్ వైపు మెరిపిస్తే మంచిదే, మసి తొందరగా పట్టదు.

మీరు చదివినది అబ్రేసివ్ ఫ్లో మెషీనింగ్. అమెరికాలో 1960లలో వచ్చింది. పుట్టీలాంటి పాలిమర్ ముద్దలో సిలికాన్ కార్బైడ్ గింజలు కలిపి, హైడ్రాలిక్ ప్రెషర్‌తో పోర్టులోంచి అటూ ఇటూ తోస్తారు. జంతికల గొట్టంలో పిండి నొక్కినట్టే, కాకపోతే ఇక్కడ అరిగేది గొట్టం. ఇరుకైన చోట ఎక్కువ అరుగుతుంది, బర్ (తిరుగుతూ లోహాన్ని కొరికే పనిముట్టు) చేరలేని మేనిఫోల్డ్ (పోర్టులకు బిగించే గొట్టాల) మలుపుల్లోకీ వెళ్తుంది. ఆ పనితనం నాకు చాలా ఇష్టం. కానీ ఇక్కడ తీయి, అక్కడ వదిలేయి అంటే దానికి తెలియదు. పని అయ్యాక ఒక్క గింజ మిగిలినా బోరు (సిలిండర్ లోపలి గోడ) గీసుకుపోతుంది. 796 సీసీ ఇంటి బండికి అంత ఖర్చు అక్కర్లేదు.

చేత్తోనే చేయించండి. వాల్వ్ తీసి, సీటు (వాల్వ్ మూసుకున్నప్పుడు ఆనే రింగు) కిందికి వేలు పోనిచ్చి చూడండి. సీటు రింగు, పోత అల్యూమినియం కలిసే చోట గోరుకు ఒక మెట్టు తగులుతుంది. గాలికి అడ్డు తగిలేది ముఖ్యంగా అక్కడే. ఆ మెట్టు, లోపలి మలుపు దగ్గరి పదును పోతే సగం పని అయినట్టే. పోర్టు మూతి దగ్గర మేనిఫోల్డ్ ప్యాకింగ్ పెట్టి గీత గీసి, పోర్టు అంచును ఆ గీత వరకే అరగదీయమనండి. పోర్టు మొత్తం పెద్దది చేస్తే గాలి వేగం పడిపోయి తక్కువ వేగంలో పికప్ పోతుంది. ఉప్పల్ నుంచి హబ్సిగూడ దాకా సెకండ్ గేరులో నడిచే బండికి కావాల్సింది ఆ పికప్పే.

బాలానగర్‌లో పని నేర్చుకునే రోజుల్లో ఒక హెడ్‌లో నేను అత్యాశకు పోయాను. బర్ శబ్దం ఒక్కసారిగా సన్నబడింది. ఆపేలోపే గోడలో సూది బెజ్జమంత చిల్లు పడింది. అటు పక్క నీళ్ల జాకెట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్లు తిరిగే దారి. ఆ బండి ఒక ట్యాక్సీ డ్రైవర్ది, కొత్త హెడ్ దొరికేదాకా నాలుగు రోజులు ఆయనకు కిరాయి లేదు. ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తే. అప్పటి నుంచీ కొంచెం తీయడం, వేలితో చూడడం, మళ్లీ కొంచెం తీయడం, అంతే.

మూడు ఇన్‌లెట్ పోర్టులూ సమానంగా వచ్చాయో లేదో మీరే చూసుకోవచ్చు. వాల్వ్ మూసి, సిరంజితో కిరోసిన్ పోసి ఒక్కోదానిలో ఎంత పట్టిందో రాసుకోండి. ఒక మిల్లీలీటరు లోపు తేడా ఉంటే నేను తృప్తి పడతాను.

ఇంకొకటి, సీట్ కటింగ్, వాల్వ్ గ్రైండింగ్ పోర్టింగ్ అయ్యాకే చేయించండి. ముందే చేయిస్తే, బర్ ఒక్కసారి జారినా ఆ సీటు మళ్లీ కట్ చేయాల్సి వస్తుంది.